ఎముక అతుకుతుంది.. ఆలస్యమే అవిటిని చేస్తుంది

రహదారి ప్రమాదం జరిగినప్పుడు అందరి దృష్టీ ముందుగా తలకు తగిలిన గాయంపైనే పడుతుంది. ప్రాణాపాయం లేదని తెలియగానే కాలో, చెయ్యో విరిగిన సంగతిని తేలికగా తీసుకునేవారు ఎక్కువ. ‘ఎముకే కదా.. కట్టు కడితే అదే అతుక్కుంటుంది’ అన్న ధీమా పల్లెల్లో నేటికీ బలంగా ఉంది. ఆ మాటలో సగమే నిజం. విరిగిన ఎముకకు తనంత తాను అతుక్కునే శక్తి ఉన్న మాట వాస్తవం. అయితే ఎముకతోపాటు దెబ్బతినే రక్తనాళాలు, నాడులు, కండరాలకు అంత వ్యవధి ఉండదు. రక్తప్రసరణ పూర్తిగా నిలిచిపోయిన కండరం సుమారు ఆరు గంటల్లోనే కోలుకోలేని స్థితికి చేరుతుంది. కూలి, సేద్యం, వాహన చోదనం వంటి శ్రమపైనే ఆధారపడిన కుటుంబాలకు ఆ కొద్ది గంటలే భవిష్యత్తును నిర్ణయిస్తాయి.

దెబ్బ తీరును బట్టి గాయం

ప్రమాదం జరిగిన తీరు తెలిస్తే ఏ ఎముకకు దెబ్బ తగిలి ఉంటుందో వైద్యులు చాలావరకు అంచనా వేయగలరు. ద్విచక్ర వాహనంపై వెళ్లేవారిలో మోకాలి కింది ఎముక ఎక్కువగా విరుగుతుంది. ఎదుటి వాహనం బంపరు నేరుగా తగిలేది అక్కడే. పైగా ఆ ఎముక ముందుభాగాన్ని చర్మం తప్ప కండరం కప్పి ఉండదు. అందుకే అది చర్మాన్ని చీల్చుకుని బయటకు వస్తుంది. భుజంపై పడినవారికి మెడ ఎముక, అరచేతిని నేలకు ఆనించి పడినవారికి మణికట్టు విరుగుతాయి. ఆటోలోగానీ, బస్సులోగానీ మోచేతిని కిటికీ బయట పెట్టి కూర్చున్నవారికి పక్కగా దూసుకెళ్లే వాహనం తగిలితే మోచేతి ఎముకలు నుజ్జవుతాయి. కారు ముందు సీట్లో ఉన్నవారి మోకాలు ఎదుటి భాగానికి బలంగా తగిలినప్పుడు తుంటి కీలు వెనక్కి తొలగిపోవచ్చు.

పిల్లల్లో పరిస్థితి వేరు. పచ్చి కొమ్మను వంచినట్లు వారి ఎముక ఒకవైపు చీలి, మరోవైపు వంగి నిలిచిపోవచ్చు. ఎముక చివర ఉండే పెరుగుదల భాగం దెబ్బతింటే ఆ అవయవం పొట్టిగా, వంకరగా ఎదిగే ప్రమాదం ఉంది. కనుక పిల్లలకు వాపు స్వల్పంగా ఉన్నా ఎక్స్‌రే తీయించడం మేలు.

లోలోపలే రక్తస్రావం

చర్మం చెక్కుచెదరలేదు కనుక రక్తం పోలేదనుకోవడం పొరపాటు. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక్క తొడ ఎముక విరిగితే లీటరు నుంచి లీటరున్నర వరకు రక్తం తొడ కండరాల్లోకే చేరిపోవచ్చు. కటి ఎముకలు విరిగితే నష్టం అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. క్షతగాత్రుడు పాలిపోవడం, చల్లని చెమటలు పట్టడం, నాడి వేగంగా కొట్టుకోవడం, దాహం వేయడం, మగతగా మారడం దీనికి సంకేతాలు. అప్పటివరకు మాట్లాడుతున్న వ్యక్తి ఉన్నట్టుండి కుప్పకూలడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

తొడ వంటి పెద్ద ఎముకలు విరిగినప్పుడు మూలుగలోని కొవ్వు బిందువులు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరవచ్చు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆయాసం, తికమక రూపంలో ఇది బయటపడుతుంది. విరిగిన ఎముకను త్వరగా కదలకుండా స్థిరపరిస్తే ఈ ముప్పు తగ్గుతుంది.

ప్రమాద సంకేతాలు ఇవే

ముంజేయి, పిక్క భాగాల్లోని కండరాలను సాగని పొర చుట్టి ఉంటుంది. లోపల వాపు పెరిగితే ఆ పొర సాగదు. దాంతో ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. మందులకు లొంగని నొప్పి, వేళ్లను మెల్లగా చాపినా భరించలేని బాధ, తిమ్మిరి, వేళ్లు కదలకపోవడం, పిక్క రాయిలా గట్టిపడటం దీని లక్షణాలు. నాడి అందుతోంది కదా అని ఊరుకోరాదు. ఈ స్థితిలో పైపొరను కోసి ఒత్తిడి తగ్గించడమే మార్గం. వేళ మించితే కండరం చచ్చుబడి చేతివేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. చివరకు అవయవాన్నే తొలగించాల్సి రావచ్చు.

తుంటి కీలు తొలగినప్పుడూ ఆలస్యం తగదు. ఆరు గంటలు దాటేకొద్దీ తొడ ఎముక తలభాగానికి రక్తం అందక అది క్రమంగా పాడయ్యే అవకాశం పెరుగుతుంది.

నాటు కట్టు విషయంలో జాగ్రత్త

ఎముకల కట్టు అనగానే తెలుగువారికి తిరుపతికి సమీపంలోని పుత్తూరు గుర్తుకొస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే కట్టుకు ఆ ఊరు తరతరాలుగా ప్రసిద్ధి. కదలకుండా పట్టి ఉంచితే ఎముక అతుకుతుందన్న సూత్రం ఆధునిక వైద్యంలోనూ ఉంది. చిక్కల్లా ఎక్స్‌రే లేకుండా, గాయం తీవ్రత తెలియకుండా, అనుభవం లేనివారు ఊరూరా కట్టే కట్లతోనే. మొదటి రెండు, మూడు రోజులు వాపు పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు చుట్టూ బద్దలు బిగిస్తే రక్తప్రసరణ నిలిచిపోతుంది. చర్మం చీలిన గాయం, కీలులోకి పాకిన విరుపు, తొడ, కటి, వెన్నుపూసల గాయాలకు నాటు కట్టు ఎంతమాత్రం తగదు. ఆస్పత్రిలో వేసిన పిండికట్టు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వేళ్లు నల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా తెల్లవారే వరకు ఆగకుండా అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లాలి.

ఘటనా స్థలంలో ఏం చేయాలి?

వెంటనే 108కు ఫోన్ చేయాలి. మెడ, నడుము నొప్పి ఉందన్నవారిని కూర్చోబెట్టకూడదు, భుజాలు పట్టి ఎత్తకూడదు. నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా చెక్కపైకి చేర్చాలి. విరిగిన చోటును లాగి సరిచేయాలని చూడకూడదు. ఉన్న స్థితిలోనే కర్ర, అట్ట, మడిచిన దినపత్రిక ఏది దొరికితే అది ఆసరాగా పెట్టి, పైకీలు, కిందికీలు కదలకుండా గుడ్డతో వదులుగా కట్టాలి. ఎముక బయటకు వస్తే లోపలికి నెట్టకుండా శుభ్రమైన తడిగుడ్డ కప్పాలి. పసుపు, కాఫీపొడి, బూడిద వంటివి చల్లితే క్రిములు ఎముక వరకూ చేరతాయి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. శస్త్రచికిత్స అవసరం కావచ్చు కనుక సోడా, కాఫీ వంటివి తాగించకూడదు.

అతుకు పడే క్రమం

విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు, మూడు వారాల్లో దాని స్థానంలో మెత్తని అతుకు ఏర్పడుతుంది. తర్వాత అందులో సున్నం చేరి గట్టిపడుతుంది. పూర్వపు ఆకృతి రావడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు. సాధారణంగా చేతివేళ్లకు మూడు, నాలుగు వారాలు, మణికట్టుకు ఆరు వారాలు, తొడ, కాలి ఎముకలకు మూడు నుంచి ఐదు నెలలు అవసరం. రాడ్డు, ప్లేటు వేసినంత మాత్రాన ఎముక త్వరగా అతకదు. ఎముక సరైన వరుసలో నిలిచి, రోగి త్వరగా లేచి తిరిగేందుకు అవి తోడ్పడతాయి.

పొగతాగడం, అదుపులేని మధుమేహం అతుకును ఆలస్యం చేస్తాయి. పథ్యం పేరుతో పాలు, గుడ్లు, పప్పులు మాన్పించడం నష్టదాయకం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మాంసకృత్తులు, ఎండ వల్ల లభించే డి విటమిన్ సైతం అవసరమే. ఎముక అతకకున్నా, కొంత భాగం కోల్పోయినా ఆశ వదులుకోనవసరం లేదు. సోవియట్ వైద్యుడు ఇలిజరోవ్ 1950 దశకంలో రూపొందించిన వలయాల పద్ధతిలో ఎముకను రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున పెంచవచ్చు.

కట్టు విప్పాకే అసలు పని

నెలల తరబడి కదలని కీళ్లు బిగుసుకుంటాయి, కండరాలు సన్నబడతాయి. చాలామంది కట్టు విప్పగానే చికిత్స ముగిసిందని భావించి కుంటుతూనే పనిలోకి వెళతారు. కట్టు ఉన్నప్పుడే వేళ్లను ఆడించడం, విప్పాక ఫిజియోథెరపిస్టు సూచించిన వ్యాయామాలు చేయడం మానితే అతికిన ఎముక ఉన్నా ఉపయోగం ఉండదు. మంచం పట్టినవారిలో పిక్క ఉన్నట్టుండి వాచినా, ఆయాసం వచ్చినా రక్తపు గడ్డలుగా అనుమానించాలి.

చట్టం కల్పించిన అండ

క్షతగాత్రులను ఆస్పత్రికి చేర్చినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. కేసుల భయంతో వెనుకాడనవసరం లేదు. కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన పథకం ప్రకారం వాహన ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షలకు మించకుండా నగదు రహిత చికిత్స లభిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ఎముక విరగడాన్ని తీవ్ర గాయంగా పరిగణిస్తోంది. కనుక ప్రమాదాన్ని ఆస్పత్రిలో పోలీసు కేసుగా నమోదు చేయించడం, గాయాల ధ్రువపత్రం, ఎక్స్‌రేలు, బిల్లులు భద్రపరచుకోవడం అవసరం. పరిహారం కోరినప్పుడు ఇవే ఆధారాలు. వైకల్యం మిగిలి, అది 40 శాతానికి తగ్గకుండా ఉందని వైద్యులు ధ్రువీకరిస్తే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు అర్హత వస్తుంది.

ఎముకను అతికించేది ప్రకృతే అయినా, అది సరైన తీరులో అతికేలా, అవయవం మళ్లీ పనికొచ్చేలా చూడాల్సింది మనుషులే. ఆ ప్రయత్నం ప్రమాదం జరిగిన మొదటి గంటలోనే మొదలు కావాలి.