రవాణా ప్లానర్: చదువు, పని, అవకాశాలు

నగరంలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వేళలో, దేనిపై వెళ్తున్నారో లెక్కతీసి, మరో ఇరవై ఏళ్లకు ఆ ప్రయాణాలు ఎలా ఉంటాయో అంచనా వేసేవారు రవాణా ప్లానర్లు. ఫ్లైఓవర్‌ను ఎలా కట్టాలో ఇంజినీరు చూస్తారు. అసలు అది కావాలా, ఆ డబ్బుతో బస్సులు పెంచితే మేలా అన్నది ప్లానర్ తేల్చి చెప్పాలి.

పని సర్వేతో మొదలవుతుంది. ఇంటింటికీ వెళ్లి కుటుంబ సభ్యుల రోజువారీ ప్రయాణాల వివరాలు రాసుకుంటారు. కూడళ్లలో వాహనాలను లెక్కిస్తారు. తర్వాత నగరాన్ని జోన్లుగా విడగొట్టి నాలుగు అంచెల్లో లెక్క కడతారు. ఏ జోన్‌లో ఎన్ని ప్రయాణాలు మొదలవుతాయి, అవి ఏ జోన్లకు చేరతాయి, ఎందరు బైకు ఎక్కుతారు, ఎందరు బస్సో మెట్రోనో ఎంచుకుంటారు, చివరికి ఏ దారిన వెళ్తారు అన్నవే ఆ అంచెలు.

హైదరాబాద్‌లోని మియాపూర్-ఎల్బీనగర్ వంటి మెట్రో మార్గాలకు గిరాకీ ఎంతో ఇలాంటి అంచనాలతోనే తేలుతుంది. వాహనాలకన్నా మనుషుల రాకపోకలకే ప్రాధాన్యమివ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. మెట్రో ప్రతిపాదనకు ముందు ఇతర ప్రత్యామ్నాయాలనూ పోల్చి చూడాలని 2017 మెట్రో రైలు విధానం షరతు పెట్టింది. ఈ పోలిక ప్లానర్ల పనే.

ఇంటర్‌లో గణితం చదివినవారు బీప్లాన్, బీఆర్క్ లేదా సివిల్ ఇంజినీరింగ్‌లో చేరవచ్చు. బీప్లాన్‌కు జేఈఈ మెయిన్‌లో ప్రత్యేక పేపరు ఉంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఈ కోర్సు ఉంది. పీజీకి ఢిల్లీలోని ఇదే పేరుగల సంస్థలో రవాణా ప్రణాళికలో ఎంప్లాన్, వరంగల్ ఎన్ఐటీలో రవాణా ఇంజినీరింగ్‌లో ఎంటెక్ ఉన్నాయి. ఈ చేరికలకు గేట్ స్కోరు ముఖ్యం. గణాంక శాస్త్రం, జీఐఎస్ మ్యాపింగ్, ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చి ఉండాలి.

నగరాభివృద్ధి సంస్థలు, మెట్రో సంస్థలు, కన్సల్టెన్సీలు వీరికి ఉద్యోగాలిస్తాయి. పరిశోధనకు ఢిల్లీలో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఉంది. అయితే ప్లానర్ సిఫారసు మాత్రమే చేయగలరు, నిర్ణయం ప్రభుత్వానిది. ఏళ్లపాటు శ్రమించి తయారుచేసిన నివేదిక పక్కన పడిపోవచ్చు కూడా. సివిల్ విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టుగా తమ ఊరి కూడలిలో ట్రాఫిక్ సర్వే చేస్తే, ఈ వృత్తి తమకు నప్పుతుందో లేదో ముందే తెలుసుకోవచ్చు.