విషాద సారంగధర: కథా మూలాలు, చారిత్రక నేపథ్యం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.

• సారంగధరుని కథ ఎక్కడ పుట్టింది, రాజమహేంద్రవరానికి ఎలా చేరింది
• చారిత్రక పురుషుడైన రాజరాజ నరేంద్రునికీ, నాటకంలోని రాజుకూ ఉన్న తేడా
• సుఖాంతమైన సిద్ధుని కథ విషాదాంత నాటకంగా మారడానికి కారణమైన పరిస్థితులు

1. పరిచయం

రాజమహేంద్రవరం వెళ్ళినవారికి అక్కడివారు సారంగధర మెట్టను చూపిస్తారు. రాజాజ్ఞ ప్రకారం సారంగధరుని కాళ్ళూ చేతులూ నరికిన చోటు అదేనని చెబుతారు. ఆ ఊళ్ళోనే చిత్రాంగి మేడ అనే పేరుతో మరొక చోటు ఉంది. చోటు కళ్ళెదుట ఉంది కాబట్టి కథ కూడా జరిగే ఉంటుందని మనకు సహజంగా అనిపిస్తుంది. కాని కథను ఒక ప్రదేశంతో ముడిపెట్టడం వేరు, ఆ కథ అక్కడ జరిగిందని నిరూపించడం వేరు. ఈ తేడాను గుర్తు పెట్టుకుని ఈ పాఠం చదవండి.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) రాసిన 'విషాద సారంగధర'ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. ఈ నాటకంలోని రాజు కల్పిత పాత్ర కాదు. నన్నయ చేత మహాభారతాన్ని తెలిగించడానికి ఉపక్రమింపజేసిన రాజరాజ నరేంద్రుడే ఆ రాజని కథ చెబుతుంది. విచారణ లేకుండా కన్నకొడుకును శిక్షించిన తండ్రి అనే నింద ఒక నిజమైన రాజుపై పడింది. ఆ నిందకు ఆధారం ఉందా? లేకపోతే అది ఆయనకు ఎలా అంటుకుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం.

2. కథా సంగ్రహం

రాజరాజ నరేంద్రునికి రత్నాంగి వల్ల పుట్టిన కొడుకు సారంగధరుడు. రాజు చిత్రాంగి అనే యువతిని కూడా పెళ్ళాడతాడు. రాజు ఊళ్ళో లేని సమయంలో సారంగధరుడు పావురాలను ఎగరవేస్తూ ఉండగా ఒక పావురం చిత్రాంగి మేడ మీద వాలుతుంది. మంత్రి కుమారుడైన స్నేహితుడు వద్దంటున్నా వినక అతడు పావురం కోసం లోపలికి వెళ్తాడు. చిత్రాంగి అతనిపై మనసు పడుతుంది. తల్లి వరస అవుతావని చెప్పి అతడు తిరస్కరిస్తాడు. అవమానంతో, భయంతో ఆమె నేరాన్ని అతనిమీదకే నెట్టి రాజుతో చెబుతుంది. రాజు ఆ మాట నమ్మి కొడుకు కాళ్ళూ చేతులూ నరికించమని ఆజ్ఞ ఇస్తాడు. నిజం తెలిసే సరికి శిక్ష అమలు జరిగిపోతుంది.

కావ్యాల్లో, యక్షగానాల్లో, నాటకాల్లో చిన్న చిన్న మార్పులు ఉన్నా, ఈ కథా చట్రం మాత్రం మారదు.

3. చరిత్రలోని రాజరాజ నరేంద్రుడు

రాజరాజ నరేంద్రుడు తూర్పు చాళుక్య వంశపు రాజు. తండ్రి విమలాదిత్యుడు. తల్లి కుందవ, చోళ చక్రవర్తి మొదటి రాజరాజు కుమార్తె. రాజరాజ నరేంద్రునికి క్రీ.శ. 1022లో పట్టాభిషేకం జరిగింది. ఆయన 41 ఏళ్ళు పాలించాడని తరవాతి కాలపు చాళుక్య శాసనాలు చెబుతున్నాయి. ఆయన పట్టమహిషి అమ్మంగదేవి, మొదటి రాజేంద్ర చోళుని కుమార్తె. 1053 నాటి నందంపూడి శాసనాన్ని రచించినవాడు నన్నయ. భారత రచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టుకు రాజు గ్రామాన్ని దానమిచ్చిన విషయం అందులో ఉంది.

ఇప్పుడు ఆయన కొడుకు సంగతి చూడండి. శాసనాల ద్వారా మనకు బాగా తెలిసిన కుమారుడు రాజేంద్రుడు. అతని కాళ్ళూ చేతులూ ఎవరూ నరకలేదు. అతడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడనే పేరుతో దాదాపు అర్ధ శతాబ్దం పాటు దక్షిణాపథంలో పెద్ద రాజ్యాన్ని ఏలాడు. సారంగధరుడు, రత్నాంగి, చిత్రాంగి అనే పేర్లు ఆ వంశపు శాసనాల్లో కనిపించవు. భారత అవతారికలో నన్నయ తన రాజును విస్తారంగా వర్ణించాడు. అక్కడ కూడా ఈ కథ జాడ లేదు.

అయితే ఒక విషయం గమనించండి. రాజరాజ నరేంద్రుని జీవితంలో సవతి వైరం నిజంగానే ఉంది. విమలాదిత్యునికి మరొక భార్య వల్ల విజయాదిత్యుడు అనే కొడుకు పుట్టాడు. పశ్చిమ చాళుక్యుల అండతో అతడు వేంగి సింహాసనం కోసం సవతి అన్నతో పోరాడాడు. 1031 ప్రాంతంలో కొంతకాలం ఆ సింహాసనాన్ని ఆక్రమించాడు కూడా. చోళుల సహాయంతో రాజరాజు దాన్ని తిరిగి సంపాదించుకున్నాడు. ఈ కలహమే సారంగధరుని కథగా మారిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ రాజు ఇంట్లో నిజంగా జరిగిన కలహం వేరు, కథలో జరిగిన కలహం వేరు. చరిత్రలోని తగాదా రాజ్యం కోసం వచ్చింది. కథలోని తగాదా కోరిక వల్ల, తొందరపాటు తీర్పు వల్ల వచ్చింది.

4. కథ పుట్టిన చోటు: నాథ సిద్ధుల సంప్రదాయం

తెలుగులో సారంగధరుని కథను విస్తారంగా చెప్పిన పాత గ్రంథం గౌరన రాసిన 'నవనాథ చరిత్ర'. ఇది 15వ శతాబ్దానికి చెందిన ద్విపద కావ్యం. శ్రీశైలంలోని శైవ మఠంతో దీనికి సంబంధం ఉంది. మత్స్యేంద్రనాథుడు, గోరఖ్‌నాథుడు మొదలైన తొమ్మిది మంది నాథ సిద్ధుల కథలు ఇందులో ఉన్నాయి. గౌరన కథలోని రాజు వేంగి రాజు కాడు. అతడు మాళవ దేశపు రాజమహేంద్రుడు.

ఈ కావ్యంలో కాళ్ళూ చేతులూ పోయిన సారంగధరుడు మరణించడు. సిద్ధుడైన మీననాథుడు అతన్ని కరుణిస్తాడు. అవయవాలు తిరిగి వస్తాయి. సారంగధరుడు చౌరంగి అనే సిద్ధుడవుతాడు. అంటే సిద్ధుల సంప్రదాయంలో ఇది విషాద కథ కాదు. రాజకుమారుడు యోగిగా మారిన కథ. శరీరం మీద, రాజ్యం మీద ఆశ వదులుకోవడానికి ఆ శిక్ష ఒక దారి అయింది.

చౌరంగి కథ తెలుగు నేలకే పరిమితం కాదు. పంజాబులో ఇదే కథ పూరణ్ భగత్ పేరుతో ప్రసిద్ధం. అక్కడ రాజు సియాల్‌కోట పాలకుడు, సవతి తల్లి పేరు లూణా, ప్రాణం పోసినవాడు గోరఖ్‌నాథుడు. టిబెట్ బౌద్ధులు చెప్పుకొనే 84 మంది సిద్ధుల కథల్లోనూ చౌరంగి ఉన్నాడు. అక్కడ కూడా సవతి తల్లి నింద, కాళ్ళూ చేతులూ నరకడం, గురువు కరుణ కనిపిస్తాయి. సిద్ధులు, జోగులు ఊరూరా తిరుగుతూ చెప్పిన ఈ కథ ఏ ప్రాంతానికి వెళ్తే అక్కడి రాజు పేరు తగిలించుకుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

సవతి తల్లి నింద అనే అంశం ఇంకా పాతది. అశోకుని కుమారుడు కుణాలుని కళ్ళు తీయించిన తిష్యరక్షిత కథ బౌద్ధ గ్రంథమైన 'అశోకావదానం'లో ఉంది. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ క్రీ.పూ. 428లో ప్రదర్శించిన 'హిప్పొలిటస్' నాటకంలోనూ సవతి తల్లి ఫీడ్రా, ఆమె నింద నమ్మి కొడుకును శపించిన తండ్రి థీసియస్ కనిపిస్తారు. వీటిలో ఒకటి మరొకదానికి మూలమని అనుకోనక్కర లేదు. ఒక ఇంట్లో వయసు మళ్ళిన భర్త, పడుచు భార్య, ఆమె ఈడు కొడుకు ఉంటే పుట్టగల ప్రమాదాన్ని చాలా సమాజాలు విడివిడిగా ఊహించి ఉండవచ్చు.

5. రాజమహేంద్రవరానికి చేరిన తీరు

గౌరన కథలో రాజు పేరు రాజమహేంద్రుడు. తెలుగువారికి తెలిసిన గొప్ప నగరం రాజమహేంద్రవరం. ఆ నగరంతో ముడిపడిన ప్రసిద్ధ రాజు రాజరాజ నరేంద్రుడు. ఈ పేర్ల పోలికే మాళవ దేశపు కథను గోదావరి ఒడ్డుకు చేర్చిందని పండితులు భావిస్తారు.

17వ శతాబ్దం నాటికి ఈ మార్పు స్థిరపడింది. తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థాన కవి చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర' రాసి కథను ప్రౌఢ కావ్యంగా మలిచాడు. అదే శతాబ్దంలో అప్పకవి మరొక ముడి వేశాడు. నన్నయ రచించిన 'ఆంధ్రశబ్ద చింతామణి'ని భీమకవి నాశనం చేస్తే, దాన్ని కంఠస్థం చేసిన సారంగధరుడు సిద్ధుడై బాలసరస్వతికి అందించాడని అప్పకవి చెప్పాడు. దీంతో సారంగధరుడు రాజరాజు కుమారుడు మాత్రమే కాదు, నన్నయ వ్యాకరణాన్ని కాపాడినవాడు కూడా అయ్యాడు. తరవాత యక్షగానాలు, జానపద కథలు ఈ కథను ఊరూరికీ తీసుకువెళ్ళాయి. చివరికి మెట్టకూ, మేడకూ ఆ పేర్లు నిలిచాయి.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా గమనించండి. ముందు కథ, తరవాత రాజు పేరు, ఆ తరవాత స్థలాలు. మెట్టను చూసి కథను నమ్మేవారు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నారు.

6. నాటకంగా మారిన నేపథ్యం

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు ప్రాంతాల్లో పర్యటించింది. దాని ప్రభావంతో తెలుగువారిలో నాటక ప్రదర్శనపై ఉత్సాహం పెరిగింది. ఇంగ్లీషు చదువుల ద్వారా షేక్స్పియర్ నాటకాలు పరిచయమయ్యాయి. 'జూలియస్ సీజర్'ను వావిలాల వాసుదేవశాస్త్రి 1876లోనే తెనిగించాడు. సారంగధరుని కథ కూడా కొత్త చదువులు చదివిన వారిని ఆకర్షించింది. గురజాడ అప్పారావు 1883లో 'సారంగధర' పేరుతో ఇంగ్లీషులో ఒక కావ్యం ప్రకటించాడు.

బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరస వినోదినీ సభను స్థాపించి, తన నాటకాలను ప్రదర్శించాడు. ఆయన మొదటి తెలుగు నాటకం 'చిత్రనళీయం'. నాటకాల్లో పద్యాలతోపాటు పాటలు ప్రవేశపెట్టి, ఆంధ్ర నాటక పితామహుడనే ఖ్యాతి పొందాడు. 1891లో ఈ సభ మద్రాసులో ఇచ్చిన ప్రదర్శనలు చూసి ఉత్సాహం పొందిన పమ్మల్ సంబంద ముదలియార్ అదే సంవత్సరం సుగుణ విలాస సభను ప్రారంభించాడు. తమిళ నాటక చరిత్రలో అది ఒక మలుపు.

విషాదాంత నాటకం రాయడం అప్పట్లో సాహసమే. నాయకుని మరణాన్ని రంగస్థలం మీద చూపకూడదనీ, నాటకం శుభంగా ముగియాలనీ సంస్కృత నాటక సంప్రదాయం. భాసుని 'ఊరుభంగం' ఈ నియమానికి మినహాయింపుగా ఇప్పుడు మనం ఉదాహరిస్తాం. కాని భాసుని నాటకాలు తిరువనంతపురంలో అచ్చు కావడం 1912లో మొదలైంది. అది ధర్మవరం వారు మరణించిన సంవత్సరం. కాబట్టి ఆయనకు ఆదర్శంగా నిలిచినది పాశ్చాత్య విషాద నాటకమే అని చెప్పాలి.

7. సుఖాంతాన్ని తీసివేస్తే ఏమవుతుంది?

ధర్మవరం వారు కథను మంగళాంతం చేయకుండా విషాదంతోనే ముగించారు. ఈ ఒక్క మార్పు కథ అర్థాన్నే మార్చింది. సిద్ధుడు వచ్చి అవయవాలు తిరిగి ఇస్తాడని తెలిస్తే రాజు తప్పు పెద్దగా బాధించదు. ఏదో విధంగా సరిదిద్దబడుతుందన్న ధైర్యం ప్రేక్షకునికి ఉంటుంది. ఆ ధైర్యాన్ని తీసివేస్తే తీర్పు ఇచ్చిన వ్యక్తి ఒంటరిగా మిగులుతాడు. అమలైన శిక్షను వెనక్కి తీసుకునే దారి ఏ రాజుకూ లేదు.

విషాద నాయకుడు దుర్మార్గుడు కాకూడదనీ, ఏదో ఒక పొరపాటు వల్ల పతనం కావాలనీ అరిస్టాటిల్ చెప్పాడు. ఈ దృష్టితో చూస్తే ఇక్కడ విషాద నాయకుడు ఎవరు? సారంగధరునిది నిరపరాధి బాధ. తెలిసో తెలియకో తప్పు చేసినవాడు రాజు. ప్రజలకు న్యాయం చెప్పవలసినవాడు సొంత ఇంటి విషయంలో రెండో పక్షం వినలేదు. మరి చిత్రాంగి? నింద వేసినది ఆమే. అయినా వయసు మించిన రాజుతో ముడిపడిన జీవితం ఆమెది కూడా. ఈ ముగ్గురిలో ఎవరి వైపు నిలబడి చదివితే నాటకం ఎలా మారుతుందో మీరే ఆలోచించండి.

చరిత్ర ప్రకారం రాజరాజ నరేంద్రుడు ఈ నిందకు పాత్రుడు కాడు. అలాగని నాటకం విలువ తగ్గదు. చరిత్రకారుడు అడిగేది 'ఇది జరిగిందా?' అని. నాటకకర్త అడిగేది 'అధికారం ఉన్నవాడు విచారించకుండా తీర్పు ఇస్తే ఏం జరుగుతుంది?' అని. మొదటి ప్రశ్నకు జవాబు శాసనాల్లో ఉంది. రెండో ప్రశ్నకు జవాబు నాటకంలో ఉంది. సాహిత్య విద్యార్థిగా మీరు ఈ రెండు జవాబులనూ కలిపేయకుండా, దేనినీ వదులుకోకుండా చదవడం నేర్చుకోవాలి.

8. సారాంశం

సారంగధరుని కథ నాథ సిద్ధుల సంప్రదాయానికి చెందిన చౌరంగి కథ. గౌరన కావ్యంలో అది మాళవ దేశపు కథ. పేర్ల పోలిక వల్ల 17వ శతాబ్దం నాటికి రాజరాజ నరేంద్రుని కథగా స్థిరపడింది. శాసనాలు దీన్ని సమర్థించవు. ఆ రాజు కుమారుడు కులోత్తుంగ చోళుడై చక్రవర్తిగా పాలించాడు. 19వ శతాబ్దపు చివరి దశలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ కథను విషాదాంతంగా మలిచి, తెలుగు నాటకానికి కొత్త దారి చూపాడు.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

క) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. గౌరన కథలోని రాజు ఎవరు? అతడు ఏ దేశపు రాజు?
2. రాజరాజ నరేంద్రుని కుమారుడు చరిత్రలో ఏ పేరుతో ప్రసిద్ధుడయ్యాడు?
3. అప్పకవి సారంగధరునికి ఆపాదించిన పని ఏమిటి?

ఖ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సారంగధరుని కథకు చారిత్రకత లేదనడానికి గల ఆధారాలను చర్చించండి.
2. 'విషాద సారంగధర'లో విషాద నాయకుడు ఎవరని మీరు భావిస్తారు? కారణాలతో వివరించండి.

గ) అభ్యాసం
మీ ప్రాంతంలో ఏదైనా గుట్ట, చెరువు లేదా కోటకు సంబంధించి ప్రచారంలో ఉన్న ఒక కథను పెద్దల దగ్గర విని రాసుకోండి. అందులో శాసనాల వల్ల, గ్రంథాల వల్ల తెలిసే అంశాలేవో, నోటిమాటగా వచ్చినవేవో రెండు వరసలుగా విడదీయండి. రెండో వరసలోని అంశాలను అబద్ధాలని కొట్టివేయకండి. వాటిని ఆ ఊరివారు ఎందుకు గుర్తుంచుకున్నారో నాలుగు వాక్యాల్లో రాయండి.