చంటిబిడ్డతో ఇండియా ప్రయాణం.. పెట్టెల కంటే ముందు సర్దాల్సినవి

అమెరికాలో బిడ్డ పుట్టిన కబురు తెలియగానే ఊళ్లో అమ్మమ్మలు, నానమ్మలు అడిగేది ‘ఎప్పుడు తీసుకొస్తారు?’ అనే. అన్నప్రాశన అక్కడే జరగాలంటారు. టికెట్లు కొనగానే మనం 23 కిలోల పెట్టెలు తూకం వేయడం మొదలుపెడతాం. ఐదారు నెలల బిడ్డతో వెళ్లేటప్పుడు మాత్రం అసలు సర్దుడు కాగితాల దగ్గర, పిల్లల డాక్టరు దగ్గర మొదలవ్వాలి.

16 ఏళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో కలిసి వెళ్లాలి. ఒకరికి కుదరకపోతే డీఎస్-3053 ఫారంపై నోటరీ చేయించిన అంగీకారం ఇవ్వాలి. పాస్‌పోర్టు చేతికొచ్చాకే ఓసీఐకైనా, ఈ-వీసాకైనా దరఖాస్తు. ఓసీఐకి వారాలు పడుతుంది కాబట్టి తేదీ దగ్గర పడితే ఈ-వీసాతో వెళ్లిరావడమే మేలు. ఇంకో మాట. మనలో చాలామంది ఆడవాళ్ల పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, బిడ్డకేమో తండ్రి ఇంటిపేరు. తల్లి ఒక్కతే తీసుకెళ్తుంటే జనన ధ్రువపత్రం కాపీ, భర్త నోటరీ చేయించి ఇచ్చిన లేఖ బ్యాగులో ఉండాలి.

టీకాల సంగతి చాలామందికి టికెట్లు కొన్నాక గానీ గుర్తురాదు. తట్టు రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా అమెరికాలో మామూలుగా 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు. విదేశాలకు వెళ్తుంటే 6 నుంచి 11 నెలల పిల్లలకు ముందే ఒక డోసు వేయించాలని సీడీసీ చెబుతోంది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకుంటే మంచిది. ఏడాది నిండాక వేయాల్సిన రెండు డోసులు మళ్లీ మామూలే. ఆరు నెలలు నిండని బిడ్డకు ఈ టీకా వేయరు. అలాంటి పసికందును పెళ్లిళ్లకు, కిటకిటలాడే ఫంక్షన్ హాళ్లకు తిప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బంధువులు నొచ్చుకుంటే నొచ్చుకుంటారు.

రెండేళ్లలోపు పిల్లలు ఒళ్లో కూర్చున్నా అంతర్జాతీయ విమానాల్లో టికెట్ తప్పనిసరి. బుక్ చేసిన రోజే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి బాసినెట్ అడగండి. ఆ ఊయలలు కొన్నే ఉంటాయి, బరువు పరిమితి ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. అలాగని దాన్నే నమ్ముకోవద్దు. సీటుబెల్టు లైటు వెలిగిన ప్రతిసారీ నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకోమంటారు. డాలస్ నుంచి దుబాయ్‌కే దాదాపు 14, 15 గంటలు. ఛాతీకి కట్టుకునే క్యారియర్ అప్పుడు అక్కరకొస్తుంది. స్ట్రోలర్ ఒక్కోసారి మధ్యలో దిగినచోట ఇవ్వరు, హైదరాబాద్‌లోనే చేతికొస్తుంది.

డైపర్ల కట్టలతో పెట్టె నింపకండి. మన ఊళ్లలో మెడికల్ షాపుల్లోనూ దొరుకుతున్నాయి. చేతిబ్యాగులో మాత్రం మొత్తం ప్రయాణానికి రెండు గంటలకొకటి చొప్పున, పైన ఇంకో అరడజను ఉంచుకోండి. బిడ్డకు రెండు జతల బట్టలు, మీకూ ఒక చొక్కా. ఆ చొక్కా ఎందుకో విమానంలో తెలుస్తుంది. అలవాటైన ఫార్ములా డబ్బాలు మాత్రం సరిపడా తీసుకెళ్లాలి. అమెరికా విమానాశ్రయాల్లో తల్లిపాలకు, కలిపిన ఫార్ములాకు, వాటిని చల్లగా ఉంచే ఐస్‌ప్యాక్‌లకు 100 మిల్లీలీటర్ల నిబంధన వర్తించదు. తనిఖీకి ముందే అధికారికి చెప్పి విడిగా తీసి చూపిస్తే చాలు. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు పాలు పట్టిస్తే చెవినొప్పి తగ్గుతుంది.

జ్వరం మందు దగ్గర మరింత జాగ్రత్త. అమెరికాలో దొరికే పిల్లల టైలెనాల్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇండియాలో అమ్మే పారాసిటమాల్ డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు, అంటే మూడు రెట్లు గాఢం. ఇక్కడి కొలత ప్రకారం అక్కడి మందు పోస్తే మోతాదు మూడింతలవుతుంది. బిడ్డ బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు ఇవ్వాలో వెళ్లేముందు డాక్టరు చేత రాయించుకుని, ఆ కాగితం అమ్మమ్మ వాళ్లింట్లో ఫ్రిజ్‌కు అంటించండి.