తండ్రి తొట్టి, కొడుకు మట్టి

1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ కెమికల్ సొసైటీకి ఒక చిన్న ప్రయోగం గురించి చెప్పాడు. గాజు తొట్టి అడుగున ఇసుక, బురద, సున్నపురాయి ముక్కలు వేసి నీళ్లు నింపాడు. వాలిస్నేరియా అనే నీటిమొక్క నాటి, రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. రాలిన ఆకులు కుళ్లి నీరు పాడవుతుంటే, ఆ కుళ్లును తినే చెరువు నత్తలను తెచ్చి వేశాడు. నీరు మార్చకుండానే తొట్టి నిలదొక్కుకుంది. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్కకు, మొక్క వదిలే ఆక్సిజన్ చేపకు అందడమే దీనికి కారణమన్నాడు. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గోస్ ‘ది అక్వేరియం’ పుస్తకం వచ్చాక గాజు తొట్లు ఇంగ్లండ్ ఇళ్లకెక్కాయి.

వారింగ్టన్ చెప్పింది నిజమే కానీ, సగమే. చేప మొప్పల్లోంచి అమ్మోనియా కూడా వస్తుంది. తినగా మిగిలిన మేత, మలం కుళ్లినా వచ్చేది అదే. నీటిలో అది పేరుకుంటే మొప్పలు కాలినట్టవుతాయి. మరి ఆ తొట్టిలోని అమ్మోనియా ఏమైంది? ఈ ప్రశ్నకు జవాబు అక్వేరియంలో కాక పొలం మట్టిలో దొరికింది. దాని వెంటపడిన వాళ్లలో వారింగ్టన్ కొడుకు ఒకడు. అతని పేరూ రాబర్ట్ వారింగ్టనే.

ముందడుగు పారిస్‌లో పడింది. 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గాజు గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి, మురుగునీటిని మెల్లగా దిగనిచ్చారు. దాదాపు ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. పైన పోసిన అమ్మోనియా కిందికి అమ్మోనియాగానే దిగింది. ఆ తర్వాత నైట్రేట్ కనిపించడం మొదలై, క్రమంగా అమ్మోనియా మాయమైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆ పని ఆగిపోయింది. క్లోరోఫాం తీసేశాక కొంచెం మట్టి కడిగిన నీళ్లు కలిపితే, పాలకు తోడు పెట్టినట్టు, మళ్లీ మొదలైంది. మత్తుమందుకు లొంగేది ప్రాణమున్నదే కాబట్టి ఇది సూక్ష్మజీవుల పనేనని తేలింది.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వారింగ్టన్ కొడుకు ఈ దారి పట్టుకుని ముందుకు వెళ్లాడు. అమ్మోనియా మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుతుందనీ, ఈ రెండు మెట్లకూ వేర్వేరు జీవులున్నాయనీ చూపించాడు. వాటిని విడదీసి పెంచడం మాత్రం అతని వల్ల కాలేదు. బాక్టీరియా పెంచడానికి అప్పట్లో వాడే పోషక జెలటిన్ వాటికి సరిపడలేదు. 1890లో జ్యూరిచ్‌లో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ సేంద్రియ ఆహారం ఏమీ లేకుండా ఉత్త లవణాల నీటిలో మొదటి మెట్టు జీవులను పెంచి చూపాడు. అమ్మోనియాను ఆక్సిజన్‌తో కలిపి, ఆ శక్తితోనే బతికే జీవులవి.

ఇక ఈ పనికి చోటిచ్చే యంత్రం, అంటే ఫిల్టర్ సంగతి. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియానికి విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ కింద పెద్ద చీకటి తొట్టి కట్టించి, పంపులతో నీటిని పైకీ కిందికీ తిప్పాడు. అయితే ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనే ఆలోచన చాలాకాలం పోలేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో గులకరాళ్ల కింద పెట్టే ఫిల్టర్లు, ఆ తర్వాత స్పాంజ్ ఫిల్టర్లు, డబ్బా ఫిల్టర్లు వచ్చాయి. 1970లో స్టీఫెన్ స్పాట్ రాసిన పుస్తకం మూసిన తొట్లలో నీటి నిర్వహణకు బాక్టీరియాను కేంద్రంగా నిలిపింది. ఆ లెక్కన స్పాంజ్ చేసే అసలు పని చెత్త ఆపడం కాదు. తన లోపలి వేల రంధ్రాల గోడలను బాక్టీరియాకు చోటుగా ఇవ్వడం. ఎయిర్ పంప్ బుడగలు పైకి లేస్తూ నీటిని స్పాంజ్ గుండా లాగుతాయి. ఆ నీటితో పాటే అమ్మోనియా, ఆక్సిజన్ బాక్టీరియాకు చేరతాయి.

ఈ యంత్రానికి గట్టి పరీక్ష మెక్సికో నుంచి వచ్చిన ఆక్సలాటల్. పెద్దయినా మొప్పలు పోగొట్టుకోకుండా జీవితమంతా నీటిలోనే గడిపే సాలమాండర్ ఇది. 1864లో కొన్ని ఆక్సలాటల్స్ పారిస్ చేరాయి. ఆగుస్ట్ డ్యుమెరిల్ వాటిలో ఆరింటిని పెంచితే మరుసటి ఏడాది పిల్లలు పుట్టాయి. నేటి ప్రయోగశాలల్లోని ఆక్సలాటల్స్‌కు ప్రధాన మూలం ఆ కుటుంబమే.

దీని తొట్టిలో చిక్కేమిటంటే, జంతువుకు నప్పేది బాక్టీరియాకు నప్పదు. ఆక్సలాటల్‌కు 16 నుంచి 18 డిగ్రీల చల్లటి నీరు కావాలి. 24 దాటితే కష్టం. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే (నైట్రిఫికేషన్) బాక్టీరియా చురుగ్గా పనిచేసేది 25 నుంచి 30 మధ్య. ఆక్సలాటల్‌కు నీటి వేగం గిట్టదు, బాక్టీరియాకు నీరు కదులుతూ ఉండాలి. పైగా ఇది వానపాములు తినే మాంసాహారి కాబట్టి అమ్మోనియా ఎక్కువే. నీటిని మెల్లగా లాగే స్పాంజ్ ఫిల్టర్ దీనికి సరిపోవడం అందుకే. అనుభవజ్ఞులు జంతువును తేకముందే ఖాళీ తొట్టిలో వెచ్చటి నీటిలో బాక్టీరియాను పెంచి, తర్వాత చల్లబరుస్తారు. రోజూ కొలిచి అమ్మోనియా కలుపుతారు. 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండు) కలిపితే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పాత తొట్టిలోని స్పాంజ్ ముక్క వేస్తే త్వరగా అవుతుంది. హైదరాబాద్ వేసవిలో గదిలోని నీరు 30 డిగ్రీలు చేరుతుంది కనుక ఇక్కడ చిల్లర్ తప్పదు.

నిలదొక్కుకున్న తొట్టి మళ్లీ ఎందుకు చెడుతుంది? స్పాంజ్‌ను కుళాయి నీటితో కడిగితే క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. అందుకే తొట్టిలోంచి తీసిన నీటితోనే పిండాలి. కరెంటు పోతే డబ్బా ఫిల్టర్‌లో నీరు నిలిచి, కొన్ని గంటల్లో ఆక్సిజన్ అయిపోతుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చడానికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది మరి.

కంటికి కనిపించని మరో కారణం ఆమ్లం. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే మెట్టులో ఆమ్లం పుడుతుంది. నీటిలోని కార్బనేట్లు దాన్ని అణచిపెడతాయి. అవి తరిగిపోతే పీహెచ్ పడిపోయి బాక్టీరియా మందగిస్తుంది. తండ్రి తొట్టిలో సున్నపురాయి ముక్కలు, పారిస్ గొట్టంలో సున్నపురాయి పొడి కార్బనేట్ల లోటు రాకుండా చూశాయి. ఇంకో మెలిక ఉంది. 20 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషపు రూపం వెయ్యికి నాలుగు పాళ్లు. పీహెచ్ 8 అయితే వందకు దాదాపు నాలుగు. అందుకే పీహెచ్ పడిపోయిన తొట్టిలో ఒకేసారి నీరంతా మారిస్తే, అప్పటిదాకా అంత హాని చేయని అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. కొంచెం కొంచెంగా మార్చడమే క్షేమం. చివరికి మిగిలే నైట్రేట్‌ను స్పాంజ్ ఖర్చు చేయలేదు. దాన్ని 20 పీపీఎం లోపు ఉంచడానికే వారం వారం కొంత నీరు మార్చేది.

కొడుకు చెప్పిన రెండు మెట్ల కథకూ తర్వాత సవరణలు వచ్చాయి. నైట్రైట్ మీద పనిచేసేది నైట్రోబాక్టర్ అని దశాబ్దాలుగా నమ్మితే, 1998లో మంచినీటి అక్వేరియాల్లో ఆ పని నైట్రోస్పైరాదని తేలింది. 2005లో సియాటిల్ అక్వేరియం నుంచి అమ్మోనియా తినే ఆర్కియా దొరికింది. బాక్టీరియా కాని మరో జాతి సూక్ష్మజీవి అది. 2015లో రెండు పరిశోధన బృందాలు రెండు మెట్లూ ఒక్కటే ఎక్కే నైట్రోస్పైరాను ప్రకటించాయి. వాటిలో ఒకటి చేపల పెంపకం ఫిల్టర్‌లో దొరికింది.

మెక్సికో నగరం అంచున ఉన్న సొచిమిల్కో కాలువల్లో ఇప్పుడు ఫిల్టర్ మరో అవతారం ఎత్తింది. ఆక్సలాటల్ స్వస్థలమైన అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు 6,000 ఉన్న అంచనా, 2014 నాటికి 36కి పడిపోయింది. మురుగు ఒక కారణమైతే, మనుషులు తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు మరొకటి. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయంలోని లూయిస్ జాంబ్రానో బృందం రైతులతో కలిసి, చినాంపాలు అనే, నీటి మధ్య కట్టిన పొలాల నడుమ ఉన్న కాలువల మొగలో మోటు ఫిల్టర్లు కడుతోంది. అవి చేపలను ఆపి, నీటిని శుభ్రం చేస్తాయి. 2017లో వాళ్లు పెంపకంలో పుట్టిన 18 ఆక్సలాటల్స్‌ను రెండు చిత్తడి నేలల్లో వదిలి వెంట తిరిగి గమనించారు. అవి వేటాడి బతికాయని 2025లో ప్రకటించారు. తొట్లలో పుట్టిన జంతువులు ప్రపంచంలో కావలసినన్ని ఉన్నాయి, వాటిని వదలదగ్గ కాలువలే తక్కువ. పెంపకం ఎంత సాగినా ఆ లెక్క మారదు. దాన్ని మార్చాలంటే ముందు నీటినే బాగుచేయాలి.