సర్వరు అందనప్పుడు చూడవలసిన క్రమము

ఎరువుల కొట్టు వద్ద రైతులు వరుసగా నిలిచియుండగా గుమాస్తా "సర్వరు అందుట లేదు, రేపు రండి" యని చెప్పుట మన సభ్యులలో పెక్కండ్రు వినియేయుందురు. పదును పోవుచున్న చేనికి ఆ ఒక్క దినమే ముఖ్యము కావచ్చును. పంట ఋణమును గడువునాడు చెల్లింప వచ్చినవానికి సంగతి మఱింత గట్టిది. గడువులోపల చెల్లించినవానికి కేంద్ర ప్రభుత్వమువారిచ్చు నూటికి 3 రూపాయల వడ్డీ ప్రోత్సాహము గడువు దాటినచో సాధారణముగా దక్కదు. కావున సర్వరు అందకపోవుటకు కారణములెవ్వి, వానిని ఏ వరుసను పరీక్షింపవలెను అను విషయము సభ్యులకును గుమాస్తాలకును తెలియుట అవసరమని తలచి వ్రాయుచున్నాము.

సర్వరనగా వింత యంత్రమేమియు కాదు. సంఘపు చిట్టా, ఆవర్జా, సరకు నిలువ లెక్కలను భద్రపఱచి, తక్కిన కంప్యూటర్లు అడిగినప్పుడు అందించునట్టి కంప్యూటరే సర్వరు. కొట్టులోను గిడ్డంగిలోను ఉండి దానిని అడుగునవి క్లయింట్లు. వీని నడుమ రౌటరో స్విచ్చియో అను చిన్న పెట్టెయు, కేబులు తీగలును ఉండును. ఈ ఏర్పాటంతయు ఒక్క ఆవరణలోనిదే గనుక బయటి ఇంటర్నెట్టు నిలిచినను ఇది పనిచేయవలెను. లెక్కలు దూరపు సర్వరునందున్న సంఘముల సంగతి వేఱు. మేము చెప్పునది సర్వరు కార్యాలయములోనే యున్న సంఘములను గూర్చి.

చివరి మడికి నీరందనపుడు తెలివిగల రైతు తిన్నగా చెఱువు తూము కడకు పరుగెత్తడు. ప్రక్కమడిలో నీరున్నదా యని ముందు చూచును. ఉన్నచో లోపము తన బోదెలోనిదే. అట్లే, ఒక్క క్లయింటు మాత్రమే నిలిచినచో లోపము చాలవఱకు ఆ కంప్యూటరునందో దాని తీగయందో ఉండును. అన్నియు ఒక్కసారి నిలిచినచో సర్వరును, నడిమి పెట్టెను చూడవలెను.

మొదట తీగను చూడుడు. కేబులు రెండు కొనలును గట్టిగా కూర్చున్నవా? కొన దూర్చినచోట చిన్న దీపము వెలుగుచున్నదా? గిడ్డంగులలో ఎలుకలు తీగలు కొఱుకుట సామాన్యము. అనుమానమున్నచో పనిచేయుచున్న మఱియొక కేబులును మార్చి చూడవలెను. రాగితీగ కేబులు 100 మీటర్లకు మించి యుండరాదు.

రెండవది అడ్రసు. ప్రతి కంప్యూటరునకును 192.168.1.10 వంటి యొక అంకె యుండును. క్లయింటు అడ్రసు 169.254 అని మొదలైనచో, అది అడ్రసు కోరి యెవరివలనను పొందక తనకు తానే పెట్టుకొన్నదని యర్థము. తీగను, రౌటరును మరల చూడవలెను. ఒకే అడ్రసు రెండు కంప్యూటర్లకున్నను చిక్కే. ఒకే సర్వే నెంబరును ఇద్దరి పేర వ్రాసినట్లగును.

మూడవది పింగ్. క్లయింటునుండి సర్వరు అడ్రసునకు పింగ్ పంపి బదులు వచ్చినచో త్రోవ బాగున్నది. బదులు రాకున్నంత మాత్రమున సర్వరు చచ్చినదనరాదు. కాపలాగానుండు ఫైర్‌వాలు కొన్నియెడల పింగును మాత్రమే అడ్డును.

నాల్గవది పోర్టు. కాలువ నిండుగానున్నను తూము మూసియున్నచో నీరు రాదు. సర్వరునందు ఒక్కొక్క పనికి ఒక్కొక్క పోర్టు కలదు: మైఎస్‌క్యూఎల్‌నకు సాధారణముగా 3306, మైక్రోసాఫ్టువారి ఎస్‌క్యూఎల్ సర్వరునకు 1433. లెక్కల ప్రోగ్రాము సర్వరుమీదనే తెఱచి చూడుడు. అచ్చటను తెఱువకున్నచో ఆ పని నిలిచిపోయినదేమో చూచి మరల నడపవలెను. అచ్చట తెఱచుకొని కొట్టులో తెఱువకున్నచో ఫైర్‌వాలును చూడవలెను. విండోసు మన వలను "పబ్లిక్" అని యెంచినచో తక్కిన యంత్రములను పరాయివానిగా చూచును. అట్టియెడ వలసిన పోర్టు నొక్కదానినే తెఱవవలెనుగాని ఫైర్‌వాలును మొత్తము తీసివేయరాదు. ఒక్క మడికి నీరు కావలెనని కట్ట తెగగొట్టువారుందురా?

ఇచ్చట మా పొరపాటొకటి చెప్పుకొనవలసియున్నది. ఒక సంఘమున కరెంటుపోయి వచ్చినపిమ్మట క్లయింట్లన్నియు నిలిచినవి. మేము తొందరలో కేబులు మార్చితిమి, రౌటరు నార్పి వెలిగించితిమి, సర్వరును మరల నడిపితిమి. అన్నియు పనిచేసినవి, సంతోషముతో వచ్చివేసితిమి. ఎనిమిది దినములకు కరెంటుపోగా మరల అదే కథ. రైతులు వట్టిచేతులతో మరలిపోయిరి. ఈసారి ఒక్కొక్కటిగా చూడగా, 10తో ముగియవలసిన సర్వరు అడ్రసు 14తో ముగిసియుండెను. రౌటరు దానికి క్రొత్త అడ్రసు నిచ్చినది. క్లయింట్లు పాత యింటి తలుపే తట్టుచున్నవి. మొదటిసారి పాత అడ్రసే మరల దక్కుట కేవలము అదృష్టము. సర్వరునకు ఆ అడ్రసే యెల్లప్పుడు ఉండునట్లు రౌటరునందు నిలిపితిమి. తరువాత ఆ చిక్కు రాలేదు. ఒక్కసారి మూడు మార్పులు చేసినవానికి ఏది మందో తెలియదు.

కావున ప్రతి సంఘమునందును సర్వరు అడ్రసు, పోర్టు అంకె, ఏ తీగ ఎచ్చటికి పోవునో వ్రాసిన కాగితమొకటి గోడకు అంటింపవలెను. లోపము వచ్చిన దినమును, చేసిన మార్పును, ఫలితమును ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. బాగగువఱకు, సంఘపు నిబంధనల ననుసరించి తేదీ వేసిన చేతి రసీదు నిచ్చుటకు పుస్తకము సిద్ధముగా నుండవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున "ఆ కాగితము గోడమీద నున్నదా?" యని సభ్యులు అడుగుదురుగాక. సంఘము మనది, మన పద్దు ఏ త్రోవను పోయి వచ్చుచున్నదో మనమే యెఱిగియుండవలెను.