హిమాలయాల్లో మంచు, కోల్‌కతాలో కాలబైశాఖి

మార్చి, ఏప్రిల్ నెలల్లో భారత వాతావరణ శాఖ విడుదల చేసే దేశవ్యాప్త బులెటిన్ చదివితే కొంచెం విచిత్రంగా ఉంటుంది. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్‌లలో మంచు కురుస్తుందని ఒక వాక్యం. దాని కిందే పశ్చిమ బెంగాల్, ఝార్ఖండ్‌లలో ఉరుములు, వడగళ్లు, ఈదురుగాలులు అని మరొకటి. ఈ రెండు చోట్ల మధ్య దూరం పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. చలికాలం పోనంటున్న చోటొకటి, ఎండాకాలం ముదురుతున్న చోటొకటి. అయినా చాలాసార్లు ఈ రెండు వాక్యాల వెనుక ఉన్నది ఒకే గాలి.

ఆ గాలి పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా, కాస్పియన్ సముద్రాల పరిసరాల్లో పుట్టే అల్పపీడనాలు ఇరాన్, అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా మనవైపు ప్రయాణిస్తాయి. వీటినే ‘వెస్టర్న్ డిస్టర్బెన్స్’లు అంటారు, తెలుగు పత్రికలు పశ్చిమ అలజడులని రాస్తుంటాయి. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ వీటిని మోసుకొస్తుంది. హిమాలయాలను తాకినప్పుడు వాటిలోని తేమ మంచుగా కురుస్తుంది. తేమ అక్కడ చాలామటుకు ఖర్చయినా అలజడి అంతటితో ఆగదు. పైస్థాయిలో దాని ద్రోణి, వెంట తెచ్చుకున్న చల్లని పొడిగాలితో సహా తూర్పుకు సాగుతుంది. ఒకటి రెండు రోజుల్లో అది బెంగాల్ మీదికి చేరవచ్చు.

అక్కడ అప్పటికే రంగం సిద్ధమై ఉంటుంది. నేలకు దగ్గరగా బంగాళాఖాతం నుంచి వచ్చే వెచ్చని తేమగాలి ఉంటుంది. కోల్‌కతా ఉక్కపోతకు కారణం ఇదే. దానిపైన, సుమారు ఒకటిన్నర రెండు కిలోమీటర్ల ఎత్తులో, ఛోటానాగపూర్ పీఠభూమి మీద ఎండకు కాగిన పొడిగాలి వచ్చి పరుచుకుంటుంది. ఇది గిన్నె మీద మూత లాంటిది. కింద తేమ, వేడి పెరుగుతున్నా పైకి లేచే దారి ఉండదు. మూత లేకపోతే మధ్యాహ్నానికల్లా చిన్నచిన్న మబ్బులు కట్టి ఆ శక్తి కొంచెం కొంచెంగా ఖర్చయిపోయేది. మూత ఉండటం వల్లే అది పోగుపడుతుంది. సరిగ్గా ఆ సమయంలో పైనుంచి పశ్చిమ ద్రోణి తాలూకు చల్లదనం వచ్చిందంటే మూత ఎగిరిపోతుంది. తేమగాలి ఒక్కసారిగా పైకి దూసుకుపోయి, పదిహేను కిలోమీటర్లకు పైబడిన ఎత్తున్న క్యుములోనింబస్ మేఘంగా మారుతుంది.

ఈ మేఘాలు సాధారణంగా మధ్యాహ్నం ఝార్ఖండ్ వైపు పుట్టి, ఆగ్నేయంగా కదిలి, సాయంత్రానికి కోల్‌కతా చేరతాయి. వాయవ్యం నుంచి వస్తాయి కాబట్టి ఆంగ్లేయులు వీటికి ‘నార్వెస్టర్’ అని పేరు పెట్టారు. బెంగాలీల పేరు కాలబైశాఖి. బైశాఖ్ అంటే వైశాఖమే. కాకపోతే వాళ్లది సౌరమానం, ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. ‘కాల’ అన్నమాటలో కీడు ఉంది, నిజమే. కానీ ఆ ఉక్కపోతలో నగరం ఎదురుచూసేది కూడా దీని కోసమే. వానకు ముందే చల్లని గాలి కొడుతుంది. పడుతున్న చినుకులు కొన్ని దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి కిందికి జారి, నేలను తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. చెట్లను కూల్చేదీ ఆ గాలే. 2018 ఏప్రిల్ 17 సాయంత్రం కోల్‌కతాలో గాలివేగం గంటకు 98 కిలోమీటర్లకు చేరింది. నగరంలో, చుట్టుపక్కల జిల్లాల్లో పదిమందికి పైగా చనిపోయారు.

హిమాలయాల మంచుకూ మైదానాల వాతావరణానికీ లంకె వెతకడం మొదలైంది కూడా కోల్‌కతాలోనే. 1864 అక్టోబరులో ఆ నగరాన్ని తుపాను ధ్వంసం చేసింది. తర్వాత వానలు మొహం చాటేసి కరవులొచ్చాయి. ఆ అనుభవాల ఫలితంగానే 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. తొలి అధిపతి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ అంతకుముందు అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడు. వసంతంలో ఆలస్యంగా, ఎక్కువగా మంచు కురిసిన ఏడాది నైరుతి రుతుపవనాలు బలహీనపడుతున్నాయని ఆయన గమనించి, 1884లో ప్రచురించారు. 1886లో మొదలైన రుతుపవనాల ముందస్తు అంచనాలకు ఆ మంచే ఆధారం. ఈ సంబంధం ఏటా ఒకేలా నిలవదని తర్వాత తేలింది. ఆయన చూసింది వానాకాలాన్ని, ఏప్రిల్ ఉరుములను కాదు. అయినా కొండమీది మంచును చూసి మైదానం గురించి చెప్పవచ్చన్న ఆలోచన మాత్రం ఆయనదే.

మరి అలజడి వస్తోందని రోజుల ముందే తెలుస్తున్నప్పుడు కాలబైశాఖి ఎప్పుడు, ఎక్కడ పడుతుందో ఎందుకు చెప్పలేరు? వందల కిలోమీటర్ల వెడల్పుండే ద్రోణిని కంప్యూటర్ నమూనాలు బాగానే పట్టుకుంటాయి. ఒక్కో ఉరుము మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే, ఆయుష్షు గంటా రెండు గంటలే. మూత ఏ ఊరి మీద ముందు పగులుతుందన్నది నేలలోని తడి, స్థానిక వేడి వంటి చిన్న విషయాల మీద ఆధారపడుతుంది. అందుకే ఎన్నో రోజుల ముందు చెప్పగలిగేది ప్రాంతం, తేదీ మాత్రమే. మేఘం పుట్టాక డాప్లర్ రాడార్ దాని కదలికను పట్టిస్తుంది. అప్పుడు వచ్చే రెండు మూడు గంటలకు ‘నౌకాస్ట్’ అనే తక్షణ సూచన ఇస్తారు. ఈ తుపానుల గుట్టు తెలుసుకోవడానికే తూర్పు, ఈశాన్య భారతంలో 2005లో ‘స్టార్మ్’ అనే పరిశోధన కార్యక్రమం మొదలైంది.

ఆ రెండు మూడు గంటలు మన పొలాల్లోనూ కీలకమే. కోల్‌కతా గాలివాన వచ్చిన వారానికి, 2018 ఏప్రిల్ 24న, ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగుపాటుకు బలయ్యేవారిలో ఎక్కువమంది పొలం పనుల్లో ఉన్నవారు, పశువుల కాపరులు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల జాడ చూపిస్తుంది. ఉరుము వినపడిందంటే పిడుగు పడగల దూరంలోనే ఉన్నట్టు. అప్పుడు వెళ్లాల్సింది పక్కా ఇంట్లోకి గాని, తలుపులేసిన కారులోకి గాని. పొలం గట్టున ఉన్న వేపచెట్టు కిందికి కాదు.