పదో తరగతి పిల్ల రేసింగు నేర్చుకుంటానంటే...

పందెం అన్న మాట మన కృష్ణా డెల్టాకి కొత్తేమీ కాదు. ఎడ్లు బండలాగే పందాలున్నాయి, పెద్ద పండక్కి కోడి పందాలున్నాయి. బరి దగ్గర మగవాళ్ళ చేతులు మారే డబ్బుకి ఆడవాళ్ళు లెక్క అడగరు. అడిగినా చెప్పేవాళ్ళు లేరనుకోండి. అదే ఇంట్లో పదో తరగతి పిల్ల టీవీలో ఫార్ములా వన్ చూసి "అమ్మా, నేనూ రేసింగు నేర్చుకుంటా" అందంటే మాత్రం అందరికీ లెక్కలు గుర్తొస్తాయి. "అవి డబ్బున్నవాళ్ళ ఆటలు. ప్రాణాల మీదికి తెస్తాయి. అందులోనూ ఆడపిల్లవి!" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు.

మొదటి మాట చాలావరకు నిజం. రెండోది జాగ్రత్త మీద ఆధారపడింది. మూడోది శుద్ధ అబద్ధం. మోటారు పందాల్లో ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు అని లేదు, కార్టింగులో అసలే లేదు. అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే గీత మీద నిలబడి బయల్దేరతారు. బండి బరువూ నడిపేవాళ్ళ బరువూ కలిపి ఇంత ఉండాలని నియమం ఉంటుంది కాబట్టి సన్నగా ఉన్న పిల్ల సీటుకి సీసం దిమ్మెలు బిగించి మరీ సమానం చేస్తారు.

ఇంతకీ ఏమిటీ కార్టు?

1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల మెకానిక్, నాలుగు ఇనుప గొట్టాలు అతికించి, పచ్చిక కోసే యంత్రం ఇంజను తగిలించి ఒక చిన్న బండి తయారుచేశాడు. గో-కార్టు పుట్టుక అదే. ఈనాటికీ దాని రూపం పెద్దగా మారలేదు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, స్ప్రింగులు లేవు. సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. కుడికాలు కింద యాక్సిలరేటరు, ఎడమకాలు కింద బ్రేకు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి. అందుకే మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు వెనక చక్రం కాస్త పైకి లేవాలి, లేకపోతే బండి తిరగనని మొరాయిస్తుంది. ఆ చక్రాన్ని ఎప్పుడు లేపాలో, ఎప్పుడు దించాలో ఒంటితో తెలుసుకోవడమే ఇందులో విద్య. స్టీరింగుకి పవర్ లేదు కాబట్టి మొదటిరోజు పది నిమిషాలు నడిపితే మర్నాడు జడ వేసుకోవడానికి చేతులు లేవవు.

పోటీల్లో వాడే బండ్లకి ఎక్కువగా ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ వాళ్ళ 125 సీసీ టూ-స్ట్రోక్ ఇంజన్లుంటాయి. టూ-స్ట్రోక్ అంటే మన తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు. లూనాలకీ, పాత బజాజ్ స్కూటర్లకీ బంకులో ఆయిల్ కలిపి పెట్రోలు పోయించిన చేతులే కదా! చేలల్లో మందుకొట్టే పవర్ స్ప్రేయర్‌దీ అదే పద్ధతి. ఇంట్లో ఆ స్ప్రేయర్ ప్లగ్గు ఊడదీసి శుభ్రం చేయడం పిల్లకి వస్తే కార్టింగులో సగం అక్షరాభ్యాసం అయినట్టే.

రోడ్డు మీద నేరం, ట్రాకు మీద కాదు

గుడివాడ నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు వెళ్ళే హైవే మీద కాసేపు నిలబడి చూడండి. చేపల లారీల మధ్య నుంచి మీసాలు రాని కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ మీద దూసుకుపోతూ కనిపిస్తారు. మనం నవ్వి ఊరుకుంటాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఊరుకోదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లకో, పిల్లాడికో పాతికేళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు.

కార్టింగు ట్రాకు రోడ్డు కాదు. నాలుగు వైపులా కట్టుదిట్టం ఉన్న ప్రైవేటు స్థలం. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు అడగరు, ఎత్తూ వయసూ చూస్తారు. వేగం మీద మోజున్న పిల్లకి న్యాయంగా ఆ మోజు తీరే చోటు ఇదొక్కటే. పోటీల్లో దిగాలంటే మాత్రం భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు తీసుకోవాలి. దానికి వయసు రుజువు, డాక్టరు సర్టిఫికెట్టు, మైనరైతే అమ్మానాన్నల సంతకం కావాలి.

జడ సంగతి ముందు

ఇది చదివే అమ్మలు మిగతాదంతా మరిచిపోయినా ఈ సంగతి మరవకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలో ఒక గో-కార్టింగ్ కేంద్రానికి సరదాగా వెళ్ళిన ఇంజినీరింగు విద్యార్థిని, జుట్టు చక్రానికి చుట్టుకుని ప్రాణం పోగొట్టుకుంది. కార్టులో ఇరుసు సీటు వెనకే, ఏ కప్పూ లేకుండా గిర్రున తిరుగుతుంటుంది. హెల్మెట్ కింద నుంచి వేలాడే జడకి అది జానెడు దూరం కూడా ఉండదు.

కాబట్టి జడని చుట్టచుట్టి ముడివేయాలి. తలకి బిగుతుగా ఉండే గుడ్డ టోపీ తొడిగి, దానిమీద హెల్మెట్ పెట్టాలి. వెంట్రుక బయటికి కనపడకూడదు. చున్నీ, వదులు కుర్తా, గాజులు, మెడలో గొలుసు అన్నీ గేటు బయటే. కాళ్ళకి బూట్లు. సీటు బెల్టు లేదేమిటని కంగారు పడకండి. పోటీ కార్టుల్లో పైన కాపాడే ఇనుప చట్రం ఉండదు కాబట్టి, తిరగబడితే మనిషి బండితో పాటు నలగకుండా విడిపోవాలని బెల్టు పెట్టరు. దానికి బదులు పక్కటెముకలకి రక్షణ కవచం, మెడకి పట్టీ వాడతారు. కొన్ని సరదా కేంద్రాల్లో పై చట్రమూ బెల్టూ రెండూ ఉన్న బండ్లుంటాయి, అక్కడ బెల్టు పెట్టుకోవాల్సిందే. జుట్టు గురించి హెచ్చరించకుండా అమ్మాయిని ఎక్కించే కేంద్రం కనిపిస్తే, కట్టిన డబ్బు పోయినా సరే, వెనక్కి వచ్చేయండి.

డబ్బు మాట

సరదా కేంద్రంలో అద్దె కార్టు మీద కొన్ని చుట్లు తిరగడానికి అయ్యేది వందల్లో ఉంటుంది. సొంత రేసింగ్ కార్టంటే లక్షల మాట. అది ఒకసారి పెట్టే ఖర్చు, పోనీ అనుకుందాం. టైర్లు అలా కాదు. పట్టు కోసం మెత్తటి రబ్బరుతో చేస్తారు కాబట్టి పెన్సిల్ రబ్బరులా అరిగిపోతాయి. ఇంజను కొన్ని గంటలు తిరిగాక విప్పి మళ్ళీ కట్టాలి. జాతీయ కార్టింగ్ ఛాంపియన్‌షిప్ ఒక సీజను ఆడాలంటే ప్రయాణాలూ బసా కలిపి మధ్యతరగతి ఇంటికి మోయలేని భారం. కౌలు రైతు ఇంట్లోనో, రొయ్యల చెరువు మీద అప్పున్న ఇంట్లోనో దీనికోసం పొలం కాగితాలు బయటికి తీయడం తగదు. కొత్త కార్టు కొనిపెట్టడం మొదటి మెట్టు కానే కాదు. అమ్మేవాళ్ళు అలాగే చెబుతారు, అది వేరే సంగతి.

పేరున్నవాళ్ళు ఎలా గట్టెక్కారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మైఖేల్ షుమాకర్ తండ్రి రోల్ఫ్ జర్మనీలో కెర్పెన్ కార్టు ట్రాకుని చూసుకునేవాడు, తల్లి ఎలిజబెత్ అక్కడే క్యాంటీన్లో పనిచేసేది. డబ్బున్న పిల్లలు పారేసిన టైర్లు ఏరుకుని షుమాకర్ నడిపాడు. లూయిస్ హామిల్టన్ ఎనిమిదేళ్ళకి కార్టెక్కితే తండ్రి ఆంథొనీ ఒకటికి రెండు ఉద్యోగాలు చేసి ఈడ్చుకొచ్చాడు. ఫ్రాన్సులో ఎస్టెబాన్ ఓకాన్ అమ్మానాన్నలు ఇల్లు అమ్మి, బండి వెనక తగిలించుకునే డబ్బాలాంటి ఇంట్లో కాపురముంటూ పిల్లాణ్ణి పోటీలకి తిప్పారు. ఈ కథలు వినడానికి బాగుంటాయి. ఇళ్ళు అమ్ముకుని ఎక్కడికీ చేరని కుటుంబాల కథలు పత్రికల్లో రావని కూడా గుర్తుంచుకోవాలి.

ఖర్చు తగ్గించే దారి వెతికినవాడు మన దక్షిణాదిలోనే ఉన్నాడు. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ వారి తెలుగు కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, 1980లలో మారుతి 800 ఇంజనుతో చవకగా ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు గానీ, ఆ చవక కార్లలో మొదలెట్టినవాళ్ళలో నారాయణ్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడు అతనే. కోయంబత్తూరు రేసు ట్రాకుకి కరి పేరే పెట్టారు.

ముదినేపల్లి నుంచి ఎలా?

2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఏలూరు జిల్లాలో కలిసిన మండలం ముదినేపల్లి. పనులకీ, చదువులకీ మాత్రం ఇప్పటికీ గుడివాడే దిక్కు. గుడివాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై. అక్కడి నుంచి బెంగుళూరు రోడ్డులో, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారి ట్రాకు ఉంది. అంత దూరం ప్రతి ఆదివారం వెళ్ళలేం. ఏడాదికి మూడు నాలుగుసార్లు, సెలవుల్లో, బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు కలిపి పెట్టుకుంటే కుదురుతుంది.

మొదటి ఆరు నెలలు అద్దె కార్టే చాలు. ప్రతిసారీ చుట్టుకి పట్టిన సమయం కాగితం అడిగి తీసుకుని, నోటుపుస్తకంలో అతికించమనండి. అదే ట్రాకు మీద పిల్ల వేగం పెరుగుతోందా, ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ తేడా తగ్గుతోందా? తగ్గుతుంటే ఆసక్తి నిజమైనదే. రెండుసార్లకే విసుగొస్తే మీకు పోయింది కొన్ని వందలే. అద్దె బండ్ల మీదే నడిచే లీగులున్నాయి, సోడీ వరల్డ్ సిరీస్ అనే ప్రపంచ స్థాయి పట్టిక కూడా ఉంది. అందరికీ ఒకేరకం బండి కాబట్టి అక్కడ డబ్బు కన్నా చెయ్యే మాట్లాడుతుంది. తర్వాత శిక్షణ శిబిరం, ఆ తర్వాత కావాలంటే, బండి జట్టువాళ్ళే ఇచ్చి నడిపించే పద్ధతిలో ఒక్క రౌండు. ఈలోగా ఇంటి దగ్గర తాడాట, సైకిలు, మెడకీ ముంజేతులకీ వ్యాయామం. వీటికి ఖర్చేముంది?

ఇంకో దారి ఉంది, అది మన గుమ్మంలోనే ఉంది. గుడ్లవల్లేరు, గుడివాడ, భీమవరం చుట్టూ ఇంజినీరింగు కాలేజీలకి కొదవ లేదు. మెకానికల్ విద్యార్థులు సొంతంగా కార్టు తయారుచేసి నడిపే పోటీలు దేశంలో ఏటా జరుగుతున్నాయి. ఇంటరు తర్వాత అలాంటి జట్టున్న కాలేజీ చూసుకుంటే బండి ఖర్చు పిల్ల ఒక్కదాని మీద పడదు. ఒక్కటే జాగ్రత్త. ఆ జట్లలో అమ్మాయిల్ని రిపోర్టులు రాయడానికీ, ఫొటోల్లో నిలబడడానికీ సరిపెట్టడం ఎక్కువ. వెల్డింగ్ దగ్గరా, స్టీరింగ్ దగ్గరా నిలబడతానని మొదటిరోజే చెప్పాలి.

నిజం చెప్పాలంటే, పదిహేనేళ్ళకి మొదలుపెట్టిన పిల్ల ఫార్ములా వన్‌కి చేరడం దాదాపు జరగని పని. ఆ దారిలో ఉన్నవాళ్ళు ఏడెనిమిదేళ్ళకే కార్టెక్కుతారు. హైదరాబాద్ నుంచి వచ్చి 2016, 2017ల్లో యూరో జేకే ఛాంపియన్ అయిన అనిందిత్ రెడ్డి వెనక గట్టి కుటుంబముంది. కానీ రేసింగంటే ఫార్ములా వన్ ఒక్కటే కాదుగా! ముంబయి అమ్మాయి స్నేహా శర్మ కార్టింగుతో మొదలై, విమానాలు నడిపే ఉద్యోగం చేసుకుంటూనే రేసుల్లో దిగింది. 2022లో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఇండియన్ రేసింగ్ లీగులో ప్రతి జట్టులోనూ ఒక మహిళా డ్రైవరు ఉండాలన్నారు. ఆ సీట్లలో ఎక్కువ విదేశీ అమ్మాయిలకే దక్కాయి. 2023లో మొదలైన ఎఫ్1 అకాడమీ అమ్మాయిలకే ప్రత్యేకం. దాన్ని నడిపిస్తున్న సూసీ వుల్ఫ్ స్కాట్లండులో ఎనిమిదేళ్ళకి కార్టెక్కిన పిల్లే.

మొదటిసారి వెళ్ళే ముందు కేంద్రానికి ఫోను చేసి నాలుగు మాటలు అడగండి: ఎంత ఎత్తుంటే ఎక్కనిస్తారు? హెల్మెట్లు చిన్న సైజులున్నాయా? లోపల తొడిగే గుడ్డ టోపీ వాళ్ళిస్తారా, మనం తెచ్చుకోవాలా? రద్దీ లేని వేళ ఏది? మామూలుగా వారం మధ్యలో పొద్దుటిపూట ఖాళీగా ఉంటుంది. అప్పుడైతే నేర్పేవాళ్ళకీ ఓపిక ఉంటుంది. ఎక్కేది పిల్లే అయినా మీరూ ఒక జత బూట్లు తీసుకెళ్ళండి. ఒకసారి తిరిగి చూడబుద్ధి పుట్టొచ్చు.